పిండ ప్రవేశానికి స్కానింగ్ చూపు

ఐవీఎఫ్ చికిత్సలో అన్నిటికన్నా త్వరగా ముగిసే ఘట్టం, పిండాన్ని గర్భాశయంలో ప్రవేశపెట్టడం. అంతకుముందు రోజుల తరబడి ఇంజెక్షన్లు, మత్తు ఇచ్చి అండాల సేకరణ, ల్యాబ్‌లో ఫలదీకరణ, మూడు నుంచి ఐదు రోజుల పాటు ఇంక్యుబేటర్‌లో పిండం పెరుగుదల ఉంటాయి. ఇంత శ్రమ, ఖర్చు, ఎదురుచూపు అయ్యాక పిండం గర్భాశయానికి చేరడానికి పట్టేది ఐదు పది నిమిషాలే. ఆ కాసేపూ పొట్ట మీద స్కానింగ్ ప్రోబ్ ఆనించి, గర్భాశయాన్నీ, అందులోకి వెళ్తున్న సన్నని గొట్టాన్నీ తెర మీద చూస్తూ పిండాన్ని వదిలే పద్ధతే అల్ట్రాసౌండ్ సాయంతో చేసే ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్. ఇది ఇప్పుడు ప్రపంచమంతటా వాడుకలో ఉంది. అయినా తెర మీద మెరిసింది ఏమిటో, ఆ చూపు వల్ల ఎంత మేలు జరుగుతుందో తెలియకుండానే చాలామంది దంపతులు ఆ గది నుంచి బయటికి వస్తారు. ఇది వారికి తప్పక తెలియాల్సిన విషయం.

ఐదో రోజుకు చేరిన పిండాన్ని బ్లాస్టోసిస్ట్ అంటారు. దాని అడ్డుకొలత మిల్లీమీటరులో సుమారు ఐదో వంతు. దాన్ని కాథెటర్ అనే మెత్తని గొట్టంలోకి 20, 30 మైక్రోలీటర్ల పోషక ద్రవంతో కలిపి తీసుకుంటారు. ఆ ద్రవమంతా కలిపినా ఒక నీటిచుక్కలో సగం ఉంటుంది. ఇక గర్భాశయం విషయానికొస్తే, పుస్తకాల్లోని బొమ్మల్లో కనిపించే ఖాళీ గది నిజానికి అక్కడ లేదు. ముందు గోడ, వెనుక గోడ జోడించిన రెండు అరచేతుల్లా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. వాటి మధ్య నుంచి, లోపలి పొరను గీరకుండా, పైకప్పును తాకకుండా గొట్టం వెళ్లాలి. పిండాన్ని సరైన చోట వదిలి, అంతే నెమ్మదిగా వెనక్కి రావాలి.

తొలి రోజుల్లో ఈ పనంతా చేతి అంచనాతోనే సాగింది. ఇంగ్లండ్‌లో రాబర్ట్ ఎడ్వర్డ్స్, పాట్రిక్ స్టెప్టో చేసిన ప్రయత్నాల్లో తొలిసారి గర్భం నిలిచిన సంగతి 1976లో ప్రచురితమైంది. కానీ ఆ పిండం గర్భాశయంలో కాక ఫెలోపియన్ నాళంలో నాటుకుంది. దాన్ని కొనసాగించడం వీలుకాలేదు. గర్భాశయంలో వదిలిన పిండం ఒక్కోసారి వదిలిన చోటే ఉండిపోకపోవచ్చని ఆ సంఘటన సూచించింది. 1978 జులై 25న ఓల్డ్‌హామ్‌లో లూయిస్ బ్రౌన్ పుట్టింది. అదే ఏడాది అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషి ఫలించి దుర్గ పుట్టింది. ఆయన మాట నమ్మని ప్రభుత్వ కమిటీ ఆయనను ఎంత క్షోభ పెట్టిందన్నది వేరే కథ. అది మన వైద్య చరిత్రలో చెరగని మచ్చ. ఈ విజయాలన్నీ, ఆ తర్వాత చాలా ఏళ్ల పాటు పుట్టిన టెస్ట్‌ట్యూబ్ పిల్లల్లో అత్యధికులూ, గొట్టం కొన ఎక్కడుందో కంటితో చూడకుండా చేసిన ట్రాన్స్‌ఫర్ల ఫలితాలే.

ఆ పద్ధతిని చేతి స్పర్శ పద్ధతి అనుకోవచ్చు. గర్భాశయం లోతును ముందే కొలిచి పెట్టుకునేవారు. పైకప్పుకు ఇంకా కొంత దూరం ఉందనిపించిన చోట ఆగేవారు. లేదా గొట్టం కొన పైకప్పుకు తగిలినట్టు చేతికి అనిపించగానే కొద్దిగా వెనక్కి లాగి పిండాన్ని వదిలేవారు. అనుభవం ఉన్న చేయి పొరపడదన్న నమ్మకం ఉండేది. ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టింది స్కానింగే. ఆస్ట్రేలియాలో వుల్‌కాట్, స్టాంగర్ అనే పరిశోధకులు ట్రాన్స్‌ఫర్ జరుగుతుండగా లోపల ఏం జరుగుతోందో స్కానింగ్‌లో గమనించి 1997లో ఫలితాలు ప్రకటించారు. నూటికి 17 సందర్భాల్లో, దారి చూపే బయటి గొట్టం కొన వైద్యుడికి తెలియకుండానే పైకప్పు పొరను తాకింది. దాదాపు మూడో వంతు సందర్భాల్లో, దానిలోంచి పిండాన్ని తీసుకెళ్లే లోపలి గొట్టం పొరలోకి గుచ్చుకుపోయింది. తగిలిందా లేదా అని చేతికి తోచినదానికీ, తెర మీద కనిపించినదానికీ పొంతన కుదరలేదు. ఇది వైద్యుల నైపుణ్యంలో లోపం కాదు. అంత మెత్తని గొట్టం అంత మెత్తని పొరను తాకితే ఏ చేతికీ తెలియదు.

పైకప్పును తాకితే వచ్చే నష్టమేమిటి? గర్భాశయం కండరంతో తయారైన అవయవం. నెలసరి రోజుల్లోనే కాదు, మామూలు రోజుల్లో కూడా దానిలో సన్నని కదలికలు అలల్లా సాగుతుంటాయి. పారిస్ దగ్గర ఫాన్‌షాన్ బృందం ట్రాన్స్‌ఫర్‌కు ముందు ఈ కదలికలను స్కానింగ్‌లో లెక్కించింది. అవి ఎక్కువగా ఉన్న స్త్రీలలో గర్భం నిలిచే అవకాశం తక్కువని 1998లో తేల్చింది. అదే ఏడాది ఇంగ్లండ్‌లోని హల్ నగరం నుంచి లెస్నీ బృందం మరో అడుగు వేసింది. పిండం బదులు స్కానింగ్‌లో తెల్లగా కనిపించే ద్రవాన్ని అంతే కొద్దిగా గర్భాశయంలో వదిలి చూసింది. గొట్టం సుతారంగా వెళ్లి వచ్చినప్పుడు ద్రవం పై భాగంలోనే ఉండిపోయింది. పైకప్పును గొట్టంతో తాకినప్పుడు మాత్రం బలమైన, క్రమం లేని సంకోచాలు మొదలయ్యాయి. ద్రవం కిందికి, గర్భాశయ ముఖద్వారం వైపు జారింది, కొందరిలో ఫెలోపియన్ నాళాల్లోకి వెళ్లింది. 1976 నాటి ఆ మొదటి గర్భం ఎందుకు దారితప్పిందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. కానీ అలాంటిది ఎలా జరగవచ్చో ఈ ప్రయోగం కళ్లకు కట్టింది.

ట్రాన్స్‌ఫర్‌కు అల్ట్రాసౌండ్‌ను తోడు చేసుకోవచ్చని అమెరికాలో స్ట్రిక్లర్ బృందం 1985లోనే రాసింది. గర్భస్థ శిశువును ధ్వని తరంగాలతో చూడవచ్చని గ్లాస్గోకు చెందిన ఇయాన్ డొనాల్డ్ 1958లో లోకానికి చూపించి అప్పటికి 27 ఏళ్లు. సూత్రం అదే. పొట్ట మీద ఉంచిన ప్రోబ్ సెకనుకు 30 నుంచి 50 లక్షల సార్లు కంపించే, చెవికి వినపడని తరంగాలను లోపలికి పంపుతుంది. అవి వేర్వేరు కణజాలాలను తాకి వెనక్కి వస్తాయి. ఆ ప్రతిధ్వనులతో యంత్రం బొమ్మ గీస్తుంది. ఇందులో ఎక్స్‌రేలో ఉండే రేడియేషన్ ఉండదు. పిండానికి ఆ కొద్ది నిమిషాల స్కానింగ్ వల్ల హాని జరుగుతుందనడానికి ఆధారమేదీ దొరకలేదు.

స్కానింగ్ పాత్ర ట్రాన్స్‌ఫర్ రోజుకు ముందే మొదలవుతుంది. ఎండోమెట్రియం అనే గర్భాశయ లోపలి పొర తగినంత మందంగా ఎదిగిందా అన్నది యోని ద్వారా చేసే స్కాన్‌లో చూస్తారు. సాధారణంగా 7 మిల్లీమీటర్లు దాటితే వైద్యులు నిశ్చింతగా ముందుకు వెళ్తారు. 5 మిల్లీమీటర్ల కన్నా పలుచగా ఉంటే గర్భం నిలిచే అవకాశం తక్కువ కనుక పిండం పెట్టవద్దని బ్రిటన్ జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పొరలో పాలిప్ ఉందా, ఫైబ్రాయిడ్ గడ్డ లోపలికి పొడుచుకొచ్చిందా, ద్రవం చేరిందా అన్నవి కూడా అప్పుడే బయటపడతాయి. వాటితో పాటు చూసుకోవాల్సిన మరో ముఖ్య విషయం గర్భాశయం వంపు. ఎక్కువ మందిలో గర్భాశయం ముందుకు, మూత్రాశయం మీదికి వంగి ఉంటుంది. కొందరిలో వెనక్కి వంగి ఉంటుంది. ముఖద్వారానికీ గర్భాశయానికీ మధ్య ఏర్పడే ఆ కోణం ముందే తెలిస్తే గొట్టాన్ని దానికి తగ్గట్టు వంచుకుని సిద్ధం కావచ్చు. కొన్ని కేంద్రాల్లో పిండం లేని ఖాళీ గొట్టంతో ఒకసారి దారి చూసుకుంటారు. దీన్ని మాక్ ట్రాన్స్‌ఫర్ అంటారు. సిజేరియన్ అయినవారిలో, ముఖద్వారానికి గతంలో శస్త్రచికిత్స జరిగినవారిలో దారి ఇరుకుగానో వంకరగానో ఉండవచ్చు. వారికి ఈ రిహార్సల్ ఎంతో ఉపయోగం. పిండం గొట్టంలోకి ఎక్కాక దారి వెతుక్కునే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

ట్రాన్స్‌ఫర్ రోజున నీళ్లు తాగి మూత్రం ఆపుకుని రమ్మంటారు. ఇది చాలామందికి ఇబ్బంది కలిగించే సూచన. కానీ దీనికి రెండు గట్టి కారణాలు ఉన్నాయి. నిండిన మూత్రాశయం ధ్వని తరంగాలకు అడ్డులేని కిటికీ అవుతుంది. దాని గుండా వెళ్లిన తరంగాలు వెనుక ఉన్న గర్భాశయాన్ని స్పష్టంగా చూపిస్తాయి. పైగా అది ముందుకు వంగిన గర్భాశయాన్ని కొద్దిగా వెనక్కి నెట్టి, వంపును తగ్గిస్తుంది. గొట్టం వెళ్లే దారి తిన్నగా మారుతుంది. అలాగని పగిలిపోతుందేమో అన్నంతగా నింపుకోవాల్సిన పని లేదు. మరీ నిండితే బాధతో కడుపు బిగపడుతుంది, స్కానింగ్‌కూ అది అనుకూలం కాదు. ఎంత నీళ్లు, ఎంత ముందు తాగాలో ఆసుపత్రి వారినే అడిగి ఆ ప్రకారం చేయడం మేలు.

మత్తు సాధారణంగా అవసరం ఉండదు. పిండం ఎవరిదో నిర్ధారించుకోవడానికి దంపతుల పేర్లు, గుర్తింపు సంఖ్య సరిచూస్తారు. యోనిలో స్పెక్యులమ్ అనే పరికరం అమర్చి, ముఖద్వారాన్ని సెలైన్‌తోనో పోషక ద్రవంతోనో శుభ్రం చేస్తారు. అక్కడ చేరిన జిగురును తీసేస్తారు, ఎందుకంటే గొట్టం కొనకు జిగురు అంటితే పిండం దానితో పాటే బయటికి వచ్చే ప్రమాదం ఉంది. అప్పుడు ఒకరు పొట్ట మీద జెల్ రాసి, ప్రోబ్‌ను నిలువుగా ఉంచుతారు. తెర మీద పైభాగంలో నల్లగా మూత్రాశయం, దాని కింద బూడిద రంగులో గర్భాశయం, దాని నడుమ కాస్త భిన్నమైన గీతలా లోపలి పొర కనిపిస్తాయి. ట్రాన్స్‌ఫర్ చేసే వైద్యులు బయటి గొట్టాన్ని ముఖద్వారం లోపలి అంచు వరకు పంపి ఆగుతారు. ఎంబ్రియాలజిస్ట్ పక్క గదిలో సూక్ష్మదర్శిని కింద పిండాన్ని లోపలి గొట్టంలోకి తీసుకుని వస్తారు.

ఇక్కడి నుంచి ఇద్దరు వైద్యుల పని ఒకటే అవుతుంది. లోపలి గొట్టం కదులుతున్న కొద్దీ ప్రోబ్ పట్టుకున్నవారు దాని కొన తెర మీద నుంచి తప్పిపోకుండా చూసుకోవాలి. ఒక్క డిగ్రీ పక్కకు జరిగినా కొన మాయమై గొట్టం మధ్య భాగమే కొన అనిపిస్తుంది. అందుకే చాలా కాథెటర్ల కొనను ధ్వనిని బాగా వెనక్కి పంపేలా తయారుచేస్తారు. అది ప్రకాశవంతమైన చుక్కలా కనిపిస్తుంది. కొన సరైన చోటికి చేరాక సిరంజిని మెల్లగా నొక్కుతారు. ఆ క్షణంలో తెర మీద ఒక తెల్లని మెరుపు కనిపిస్తుంది. అది పిండం కాదు. మిల్లీమీటరులో ఐదో వంతు ఉండే పిండాన్ని ఏ పొట్ట స్కానింగూ చూపలేదు. పిండానికి అటూ ఇటూ ద్రవంలో ఉంచిన చిన్న గాలిబుడగలదే ఆ మెరుపు. గాలికీ ద్రవానికీ మధ్య ధ్వని బలంగా పరావర్తనం చెందుతుంది కాబట్టి బుడగ మెరుస్తుంది. పిండం బుడగ పక్కనే ఉంటుంది కనుక బుడగ ఎక్కడుంటే పిండం అక్కడే ఉందని అంచనా. తెర వైపు తిరిగి ఆ మెరుపును చూసిన దంపతులకు అది మరపురాని క్షణం. అది తమ పిండం జాడ అనుకోవడంలో తప్పు లేదు.

గొట్టం తీశాక ఎంబ్రియాలజిస్ట్ దాన్ని మళ్లీ సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తారు. అరుదుగా పిండం గొట్టంలోనే ఉండిపోతుంది. అలా జరిగితే వెంటనే మరోసారి ప్రవేశపెడతారు. దానివల్ల ఫలితం దెబ్బతినదని పరిశీలనలు చెబుతున్నాయి, కంగారు పడనవసరం లేదు.

ఎక్కడ వదలాలి? స్కానింగ్ వచ్చాకే ఈ ప్రశ్నకు మిల్లీమీటర్లలో సమాధానం వెతకడం సాధ్యమైంది. బార్సిలోనాలో కొరొలేవు బృందం స్త్రీలను మూడు వర్గాలుగా విభజించి, పైకప్పు నుంచి 10, 15, 20 మిల్లీమీటర్ల దూరంలో పిండాలు వదిలి చూసింది. 2002లో వెలువడిన ఫలితాల్లో 15, 20 మిల్లీమీటర్ల వర్గాల్లో పిండాలు నాటుకోవడం మెరుగ్గా ఉంది. పైకప్పుకు మరీ దగ్గరగా వెళ్లడం మంచిది కాదని అప్పటి నుంచి బలమైన అభిప్రాయం ఏర్పడింది. గర్భాశయ కుహరంలో పై భాగంలోనో మధ్య భాగంలోనో, పైకప్పుకు ఒక సెంటీమీటరు కన్నా ఎక్కువ ఎడంగా వదలాలని అమెరికా సంతానోత్పత్తి వైద్య సంఘం 2017 మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. ప్రతి స్త్రీ గర్భాశయం పొడవూ ఒకలా ఉండదు కనుక, ముఖద్వారం నుంచి ఇన్ని సెంటీమీటర్లు అని అందరికీ ఒకే లెక్క పెట్టుకోవడం కన్నా తెర మీద పైకప్పును చూసి దూరం నిర్ణయించడమే సరైన పని.

ఇంత చేసి ఫలితం ఎంత మారుతుంది? ఈ ప్రశ్నకు జవాబు కోసం చేసిన 21 పరీక్షల ఫలితాలను కలిపి కాక్రేన్ సంస్థ 2016లో సమీక్షించింది. చేతి స్పర్శ పద్ధతిలో నూరు మందిలో 23 మందికి గర్భం నిలిచి కొనసాగేదనుకుంటే, స్కానింగ్ సాయంతో ఆ సంఖ్య 28 నుంచి 33 మధ్యకు పెరుగుతుందని అంచనా వేసింది. అన్ని పరీక్షలూ ఒకే స్థాయిలో జరగలేదని, ఆధారం మరింత బలపడాల్సి ఉందని కూడా ఆ సమీక్షే ఒప్పుకుంది. గర్భస్రావాలు, నాళంలో గర్భాల విషయంలో రెండు పద్ధతుల మధ్య స్పష్టమైన తేడా కనపడలేదు. అయినా బ్రిటన్, అమెరికా మార్గదర్శకాలు రెండూ స్కానింగ్‌నే సిఫారసు చేస్తున్నాయి. నూటికి ఐదుగురు, పదిమంది అంటే మామూలు సంఖ్య కాదు. ఒక్కో ప్రయత్నానికి లక్షలు వెచ్చించి, కొన్నిసార్లు ఉన్న పొలమో బంగారమో అమ్ముకుని వచ్చే కుటుంబాలకు, ఆ తేడా తెచ్చే సాధనం యంత్రాల గదిలో ఎలాగూ ఉన్నప్పుడు దాన్ని వాడకపోవడానికి కారణమే లేదు.

ఐతే ఈ చూపుకు హద్దులున్నాయి. పిండం జన్యుపరంగా బలహీనమైనదైతే ఎంత కచ్చితంగా వదిలినా అది నిలవదు. గర్భాశయ పొర స్వీకరించే స్థితిలో లేకపోయినా అంతే. స్కానింగ్ ఉంది కదా అని మొరటుగా గొట్టాన్ని నెట్టినా మేలు జరగదు. ముఖద్వారాన్ని టెనాక్యులమ్ అనే పట్టుకారుతో లాగాల్సి వస్తే దానివల్లే గర్భాశయ సంకోచాలు పెరుగుతాయి. గట్టి గొట్టాల కన్నా మెత్తని గొట్టాలు మంచి ఫలితాలు ఇస్తాయని తేలింది. మంచి ట్రాన్స్‌ఫర్‌కు మెత్తని గొట్టం, తొందరపడని చేయి, చూసే కన్ను మూడూ కావాలి. వీటిలో ఏ ఒక్కటీ మిగతా రెంటికి బదులు కాదు.

అందరిలో పొట్ట మీది స్కానింగ్ ఒకేలా కనిపించదు. పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువగా ఉంటే తరంగాలు బలహీనపడి బొమ్మ మసకబారుతుంది. గర్భాశయం వెనక్కి వంగి ఉంటే అది ప్రోబ్‌కు దూరమవుతుంది. అలాంటివారికి యోని ద్వారా స్కాన్ చేస్తూ ట్రాన్స్‌ఫర్ చేసే పద్ధతి ఉంది. దీనిలో బొమ్మ స్పష్టంగా ఉంటుంది, మూత్రాశయం నింపుకునే ఇబ్బంది ఉండదు. కానీ ఒకే దారిలో ప్రోబ్, గొట్టం రెండూ ఇమడాలి కనుక ఎక్కువ సాధన కావాలి. త్రీడీ స్కానింగ్‌తో రెండు నాళాల ద్వారాల నుంచి గీసిన ఊహా రేఖలు కలిసే చోటును చూసి, పిండానికి అనువైన బిందువును గుర్తించే ప్రయత్నాలు కూడా జరిగాయి. మామూలు స్కానింగ్‌ను మించిన ప్రయోజనం వాటికి ఇంకా గట్టిగా రుజువు కాలేదు. అందుకని త్రీడీ పేరుతో అదనంగా డబ్బు అడిగితే ఆలోచించుకోవాలి.

మన దేశంలో అల్ట్రాసౌండ్ యంత్రం చట్టం పరిధిలో పనిచేస్తుంది. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టాన్ని 2003లో సవరించి, గర్భధారణకు ముందు జరిగే లింగ ఎంపికను కూడా అందులో చేర్చారు. ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రమూ రిజిస్టర్ అయి ఉండాలి, అర్హత ఉన్న వైద్యులే దాన్ని వాడాలి. 2021లో వచ్చిన సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం ప్రకారం సంతాన సాఫల్య కేంద్రాలు కూడా వేరుగా రిజిస్టర్ కావాలి. లెవెల్ 1 కేంద్రాలకు ఐవీఎఫ్ చేసే అనుమతి లేదు, పిండ ప్రవేశం చేయాల్సింది లెవెల్ 2 కేంద్రాలే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో చిన్న పట్టణాలకు కూడా సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులు చేరిన ఈ రోజుల్లో, రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం చూపించమని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. ట్రాన్స్‌ఫర్ స్కానింగ్‌లో పిండం ఆడో మగో తెలిసే అవకాశమే లేదు. తెలుసునని ఎవరైనా చెబితే అది అబద్ధమూ, నేరమూ.

ట్రాన్స్‌ఫర్ అయ్యాక వచ్చే భయాలకు కూడా స్కానింగే సమాధానం చెప్పింది. లేచి నిలబడితే పిండం జారిపోతుందేమో, మెట్లు ఎక్కకూడదేమో, దగ్గినా తుమ్మినా ప్రమాదమేమో అని మన ఇళ్లలో ఆడవాళ్లను రెండు వారాలు మంచం దిగనివ్వరు. ముందు చెప్పిన వుల్‌కాట్, స్టాంగర్‌లే ట్రాన్స్‌ఫర్ తర్వాత స్త్రీలను లేచి నిలబడమని, బుడగ కదిలిందేమో స్కాన్ చేసి చూశారు. నూటికి 94 మందిలో అది ఉన్న చోటు నుంచి కదలలేదు. గర్భాశయం గోడలు పిండాన్ని పట్టి ఉంచుతాయి, భూమ్యాకర్షణకు అక్కడ పెద్దగా పని లేదు. ట్రాన్స్‌ఫర్ తర్వాత 20 నిమిషాలకు మించి పడుకోవడం వల్ల లాభం లేదని బ్రిటన్ మార్గదర్శకాలు స్పష్టంగా రాశాయి. ఆపుకున్న మూత్రానికి కూడా వెంటనే వెళ్లవచ్చు, దానితో పాటు పిండం వెళ్లదు, ఆ రెండు దారులు వేరు. వంటిల్లు, ఉద్యోగం, నడక అన్నీ మామూలుగా సాగించవచ్చు. గర్భం నిలవనప్పుడు మెట్లెక్కినందుకో, పని చేసినందుకో ఆ స్త్రీని నిందించడం అన్యాయం. ఆ నింద వేసేవారికి శాస్త్రంలో ఏ ఆధారమూ లేదు.

రక్తపరీక్షలో గర్భం నిర్ధారణ అయ్యాక, సుమారు ఆరు ఏడు వారాల గర్భానికి మరో స్కానింగ్ ఉంటుంది. పిండాన్ని తెర మీద చూస్తూ గర్భాశయంలోనే వదిలారు కనుక ఈ స్కాన్ ఎందుకని కొందరు వాయిదా వేస్తారు. అలా చేయవద్దు. సరైన చోట వదిలిన పిండం కూడా అరుదుగా నాళంలోకి చేరి అక్కడే పెరగవచ్చు. అది పగిలితే తల్లి ప్రాణానికే ముప్పు. రక్తపరీక్ష పాజిటివ్ వచ్చాక పొట్టలో ఒక పక్క తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం, భుజం నొప్పి, రక్తస్రావం కనిపిస్తే స్కానింగ్ తేదీ దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.